నాలుగో గడి

ఇరవై రోజులు పనిచేస్తే ఒక రోజు పుడుతుంది.
పుట్టినదాన్ని రిజిస్టర్లో నాలుగో గడిలో
నీలం ఇంకుతో రాస్తాను.
పీణ్య రెండో స్టేజీ, వాల్వుల ఫ్యాక్టరీ, టైమాఫీసు.
పంతొమ్మిదేళ్లుగా ఇదే మంత్రసాని పని.

కాటికాపరి పని కూడా నాదే.
నలభై ఐదు దాటినవాటిని
డిసెంబరు ముప్పై ఒకటిన ఎర్ర ఇంకుతో కొట్టేస్తాను.
మురిగిపోయాయి అంటాం,
ఫ్రిజ్ లేని ఇంట్లో పెరుగు గురించి అన్నట్టు.

టర్నింగ్ సెక్షన్ చౌడప్పవి
నా చేతుల మీదుగానే రెండు వందల పైన మురిగిపోయాయి.
మడకశిర మనిషి.
పెళ్లి దసరా నాడు పెట్టుకున్నాడు,
లేత్‌కి కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టి
ఎలాగూ ఆపుతారు కదా అని.
బస్సులు బందైన రోజు దాసరహళ్లి నుంచి నడిచొచ్చాడు.
చికున్‌గున్యాకి మాత్రం పడుకున్నాడు.
అది ఈఎస్ఐ లెక్కలోకి పోయింది, నా గడి దాకా రాలేదు.
ఒక్కటైనా వాడుకోవేమప్పా అంటే
"ఉండనీ సార్, చివర్లో డబ్బులైతాయి" అనేవాడు.

మొన్న యాభై ఎనిమిది నిండాయి.
మూల వేతనం, కరువు భత్యం కలిపి
రోజుకి ఏడు వందల ఎనభై రెండు.
నలభై ఐదుతో గుణిస్తే
ముప్పై ఐదు వేల నూట తొంభై.
కాగితం అతని వైపు తిప్పాను.
చూపుడు వేలికి సగం గోరు లేదు. ఆ వేలిని
అంకె కింద గీత గీస్తున్నట్టు జరిపి
"ఇవి ఏ రోజులు సార్?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"అంటే, వీటిల్లో వాన పడిన దినం ఏదన్నా ఉందా,
పాప ఇస్కూల్లో డ్యాన్స్ చేసిన దినం..."

అలాంటి గడి లేదు.
అన్ని రోజులదీ ఒకటే ధర.

కాసేపుండి తెల్లకాగితం అడిగాడు.
శుక్రవారం అతని ఆఖరి డ్యూటీ.
శుక్రవారానికే లీవు లెటరు రాశాడు, కన్నడంలో.
కన్నడంలో అది రజె. వట్టి రజె.
కాగితం చేతికిస్తూ మాత్రం మన మాటలో అన్నాడు:
"సెలవు తీసుకుంటా సార్."
నేను లేచి నిలబడబోయి
మళ్లీ కూర్చున్నాను.

హెచ్.ఆర్. కుర్రాడు నితేష్ నవ్వాడు.
ఆ రోజు రాకపోతే శాలువా ఎవరికి కప్పాలి,
గోడ గడియారం కూడా వచ్చేసింది, పేరు చెక్కించి.
కారణం రాయలేదు చూడండి, ఇది చెల్లదు అన్నాడు.
కాగితం వెనక్కి తీసుకుని నేనే రాశాను:
సొంత పని.

శుక్రవారం ఏడున్నర సైరన్ మోగేసరికి
గేటుకి ఎదురుగా, కానుగ చెట్టు కింద టీ కొట్టు బెంచీ మీద
చౌడప్ప. ఇస్త్రీ చొక్కా, తలకి నూనె.
షిఫ్టుకి పోయేవాళ్లందరూ చెయ్యి ఊపుతున్నారు,
కొందరు తిడుతున్నారు కూడా, ప్రేమగా.
వన్ బై టూ కాఫీ చెప్పి సగం నా వైపు జరిపాడు.
"ఎక్కడికన్నా పోక ఇక్కడికెందుకొచ్చినావప్పా?"
"లోపలికి పోకుంటే ఎట్లుంటాదో చూద్దామని."

గోడ అవతల లేత్‌లు ఒక్కొక్కటే గొంతు ఎత్తాయి.
చౌడప్ప తల కొంచెం పక్కకి వంచాడు.
"నాలుగో మిషన్ మీద ఎవరో కొత్తోడు.
తొందర పెడతా ఉండాడు."
మళ్లీ కాఫీ ఊదుకున్నాడు.
నాకు పది నిమిషాలు లేటు పడింది ఆ రోజు,
నా పేరు పక్కన నేనే వేసుకున్నాను.

చెక్కు ముప్పై నాలుగు వేల నాలుగు వందల ఎనిమిదికి వచ్చింది.
రెండుసార్లు కూడాను, సరిపోయింది.
ఇక రిజిస్టర్లో నలభై ఐదుని నలభై నాలుగు చెయ్యాలి.
నీలం పెన్ను తీశాను. పెట్టేశాను.
ఎర్రది తీశాను.
చివరికి పెన్సిల్‌తో దిద్దాను.
ఆడిట్ వాళ్లు అడుగుతారు, ఇదేంటని.